ఆడోళ్ల గది

"ఎవరమ్మా తాగేది, మీ ఆయనా?" అని ఫోన్లో గొంతు అడిగితే ఈశ్వరి "ఊఁ" అనేసింది.

అనాలనుకున్నది అది కాదు. మల్బరీ తోటలో, చుట్టుపక్కల మనిషన్నవాడు లేని చోట, గట్టు మీద కూర్చుని చేసిన ఫోను అది. హిందూపురం బస్టాండులో ఆడవాళ్ల మరుగుదొడ్డి పక్క గోడకు అంటించిన కాగితం మీద చూసిన నంబరు. 'తాగుడు మానలేకపోతున్నారా? మేమూ అలాంటివాళ్లమే' అని రాసి ఉంది. నంబరు ఎప్పుడో నోటికొచ్చింది గానీ నొక్కడానికి ప్రాణం పోయి వచ్చింది. తీరా నొక్కాక ఆ మనిషి అడిగినదానికి రెండు జవాబులున్నాయి. ఒకటి నిజం, ఒకటి సులువు. భయపడ్డవాళ్ల నోటికి సులువైనదే ముందొస్తుంది.

ఆ మాట్లాడినాయన పేరు కేశవ. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన గొంతులో జాలి లేదు, ఆమెకు నచ్చింది అదొక్కటే. ఆదివారం మధ్యాహ్నం హిందూపురంలో ఒక స్కూలు వెనకున్న గదుల్లో మీటింగు జరుగుతుందని చెప్పాడు. మొగుణ్ని పిలుచుకుని రమ్మన్నాడు. ఆయన రానంటే నువ్వన్నా రామ్మా, ఇంట్లోవాళ్లకు వేరే గది ఉండాది అన్నాడు.

పట్టుపురుగుల మీద చల్లే పొడి అయిపోయిందని అత్తకు చెప్పి ఆదివారం బస్సెక్కింది ఈశ్వరి. తాగకుండా పోవాలనే రాత్రంతా అనుకుంది. తెల్లారాక సగం సారా ప్యాకెట్టు పడితే తప్ప గడప దాటలేకపోయింది. ఆ సగమూ పెనుకొండ దాకానే పనిచేసింది. పెనుకొండ దాటిన దగ్గర్నుంచి వేళ్లు వాటంతటవి కదలడం మొదలుపెడితే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పక్కసీటు ముసలామె చలి పెడుతోందా అని అడిగింది. ఎండ మాడుతోంది బయట.

స్కూలు వెనక ఒకే పెద్ద గదిని చెక్కపలకల అడ్డంతో రెండు చేశారు. మొదటి గదిలో మగవాళ్లు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని టీ తాగుతున్నారు. వాళ్లలో ఒకతను గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా టీ తొణికి మోకాలి మీద పడుతోంది. ఎవరూ అతన్ని వింతగా చూడడం లేదు. ఈశ్వరికి ఆ పక్క కుర్చీలో పోయి కూర్చోవాలనిపించింది. అచ్చం తన చేతుల్లాంటి చేతులు.

ఇంతలో నెరిసిన మీసాలాయన ఎదురొచ్చాడు. ఫోన్ చేసింది నువ్వేనా, ఆయన రాలేదా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పక్క గుమ్మం చూపించాడు. ఆయన కేశవ. బస్సులో ఆడవాళ్ల సీట్లు చూపించినట్టే చూపించాడు. "ఆ పక్కకు పోమ్మా. ఆడోళ్ల గది అది."

ఈశ్వరి కాళ్లు ఆయన చూపించిన వైపు పోయాయి.

అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్లున్నారు. అందరిలోకీ పెద్దదైన పద్మావతమ్మ ధర్మవరం నుంచి రైల్లో వస్తుంది. మొగుడు మగ్గం నేస్తాడు, ఇప్పుడు మానేశాడు, తాగుడును, మగ్గాన్ని కాదు. ఒక్కొక్కరే తమ మొగుళ్ల గురించి చెప్పుకుంటున్నారు. చెప్పేటప్పుడు ఎవరూ మధ్యలో మాట్లాడరు. ఈశ్వరి వంతు వచ్చింది. తలకాయ ఊపేసి తప్పించుకుందామనుకుంది గానీ, అన్నాళ్లు గొంతులో ఉన్నది ఆగలేదు.

"మంచి మనిషే," అంది. "లేస్తానే చేతులు వణుకుతాయి. ఈ పొద్దు ముట్టను అనుకుంటాడు. అబద్ధం కాదు, నిజంగానే అనుకుంటాడు. పొద్దెక్కేసరికి కాళ్లే దాని కాడికి ఎత్తుకపోతాయి. తాగినాక ఎవరూ చూడని చోటికి పోయి ఏడుస్తాడు."

"ఎవరూ చూడని చోట ఏడిస్తే నువ్వెట్ల చూసినావమ్మా?" అని ఒకామె అమాయకంగానే అడిగింది.

 "చూసినా," అని మాత్రం అంది ఈశ్వరి. పద్మావతమ్మ జరిగి వచ్చి భుజం మీద చెయ్యేసింది. వేసిన చెయ్యి తీయకుండానే, తాగినోని పక్కన పండుకుంటే మన చీరలకు కూడా ఆ వాసన అంటుకుంటుందని, నీ చీరకూ పాపం అంటుకుని ఉందని చెప్పి కళ్లొత్తుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఈశ్వరి కొంగును ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వాళ్లంతా ఆమె ఏడుస్తోందనుకున్నారు.

చెక్కపలకల అవతల నుంచి మాటలు వినిపిస్తున్నాయి. "నా పేరు కేశవ. నేను తాగుబోతును." దానికి అందరూ కలిసి నమస్తే కేశవా అంటున్నారు. ఊళ్లో తాగుబోతు అంటే తిట్టు. ఇక్కడ అదే మాట చెప్పుకుని మనిషి తేలిగ్గా కుర్చీలో కూర్చుంటున్నాడు. ఈశ్వరి ఇవతలి ఆడవాళ్ల మాటలు వదిలేసి ఆ చప్పుళ్లే వింది.

బయలుదేరేటప్పుడు పద్మావతమ్మ ఊరు, మొగుడి పేరు అడిగింది. ఇద్దరు మనుషులు వచ్చి ఆయనతో మాట్లాడతారంది. కేశవ కూడా వచ్చి, పిలవకుండా ఎవరి గడపా తొక్కమమ్మా, నువ్వు సరే అంటేనే వస్తాం అన్నాడు. మొగుడు బాగుపడాలని ఇంత దూరం వచ్చిన ఏ ఆడది వద్దంటుంది? ఈశ్వరి ఊరు, పేరు చెప్పి సరే అంది.

ఏం చేసిందో బస్సులో కూర్చున్నాక అర్థమైంది. ఆమె మొగుడు ముత్యాలప్ప పెళ్లిళ్లలో సోడా తాగినా కడుపు ఉబ్బరం అనే మనిషి.

*

ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. పురుగు మేత మానేసి, తలెత్తి కదలకుండా ఉండి, పాత చర్మం విడిచేదాన్ని ఆ పక్క జ్వరం అంటారు. నాలుగోది అయ్యాక దానికి తిండి తప్ప వేరే ధ్యాస ఉండదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మోపులు మోపులుగా మల్బరీ కొమ్మలు కోసి తెచ్చి పరచాలి. పరిచిన కాసేపటికి షెడ్డంతా రేకుల మీద సన్నవాన పడుతున్నట్టు చప్పుడవుతుంది.

షెడ్డు గుమ్మంలో మునియమ్మ ఉంటుంది. ఈశ్వరి అత్త. బ్లీచింగు నీళ్లలో తడిపిన గోనెపట్టా మీద కాళ్లు తొక్కందే ఎవరినీ లోపలికి రానివ్వదు. కూలికి వచ్చినవాళ్లను మొహంలో మొహం పెట్టి వాసన చూసి పంపిస్తుంది. పట్టుపురుగు దేవతతో సమానమని, తాగినవాడి గాలి తగిలితే పాలరోగం వచ్చి చస్తుందని ఆమె నమ్మకం. నమ్మకం కాదు, చట్టం. కోడలిని మాత్రం ఎప్పుడూ వాసన చూడలేదు. కోడలిని వాసన చూడాలని ఏ అత్తకు తడుతుంది?

పోయిన పంటలో నిజంగానే పాలరోగం వచ్చింది. పురుగులు ఉబ్బి, తెల్లగా కారిపోయి, తట్టలకొద్దీ గుంతలో పోసి సున్నం చల్లారు. ఆ ముందురోజు షెడ్డులో సారా వాసన వచ్చిందని మునియమ్మ అంది. ఆకు కోయడానికి వచ్చే ఓబుళప్ప సాయంత్రమైతే తాగుతాడని ఊరికంతా తెలుసు. నేను ఆపొద్దు ముట్టలేదమ్మా, పిల్లోల మీద ఒట్టు అన్నాడు ఓబుళప్ప. తాగుబోతు ఒట్టు ఎవరికి పనికొస్తుంది? ఇంక పనికి రావొద్దంది మునియమ్మ. ముత్యాలప్ప నోరు విప్పలేదు. ఓబుళప్ప తువ్వాలు భుజాన వేసుకుని పోయాడు. ఇప్పుడు ముదిగుబ్బ వైపు ఎవరివో గొర్రెలు కాస్తున్నాడని చెప్పుకుంటారు. ఆ పొద్దున ఈశ్వరి షెడ్డు లోపల, కొమ్మల్లో మొహం పెట్టుకుని, అవసరం లేకపోయినా పరిచిన ఆకునే మళ్లీ పరిచింది.

ఆమె ప్యాకెట్లు వెనక సందులోని నాగమ్మ దగ్గర కొంటుంది. కర్ణాటక నుంచి వచ్చే సరుకు. కూలోళ్లకని చెబుతుంది. తెచ్చి ప్లాస్టిక్ సంచిలో చుట్టి బ్లీచింగు డబ్బాలో అడుగున పెడుతుంది. బ్లీచింగు ఘాటు ముందు మునియమ్మ ముక్కు కూడా పనిచేయదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడలేదనుకుంటుందట. ఈశ్వరి సంగతీ అంతే.

ఇప్పుడు సందులో మోటారు సైకిలు చప్పుడైతే చాలు, ఆమె చేతిలో కొమ్మ ఆగిపోతోంది. కేశవ వస్తాడు. నువ్వు తాగుతావంట గదప్పా అంటాడు. ముత్యాలప్ప ముందు నవ్వుతాడు, తర్వాత ఆలోచిస్తాడు. ఆ తర్వాతది ఆమె ఊహించలేకపోయింది. తాగే ఆడదాన్ని ఏ ఇల్లు ఉంచుకుంటుంది? తనకల్లు ఊళ్లో అమ్మగారిల్లు ఉంది, అక్కడ మాత్రం ఏమని చెప్పుకుంటుంది? రావొద్దని కేశవకు చెబుదామని ఫోను తీసి, నంబరు నొక్కి, మోగకముందే కట్ చేసింది. వద్దంటే మళ్లీ ఆ గుమ్మం తొక్కే వీలుండదు. ఆ చెక్కపలకల అవతలి మాటలు తప్ప ఆమెకు ఇంకో దారి లేదు.

మర్నాడు పంతం పట్టి మధ్యాహ్నం దాకా ముట్టలేదు. ఒళ్లంతా చెమటలు పట్టి, కాళ్ల కింద నేల వాలినట్టయి, ఆకుతట్ట చేతిలోంచి జారి పురుగుల పడక అంచున పడింది. ముత్యాలప్ప వచ్చి తట్ట ఎత్తాడు. చెల్లాచెదరైన పురుగులను ఒక్కొక్కటే వేలితో తీసి ఆకు మీదికి ఎక్కించాడు. జ్వరమొచ్చినట్టుంది, పోయి పడుకోమన్నాడు. గోనెపట్టాకు బ్లీచింగు తానే కలుపుతానని డబ్బా దగ్గరికి నడిచాడు. ఈశ్వరి గోడ పట్టుకుని నిలబడింది. మూత తీసిన చప్పుడు, గిన్నె ముంచిన చప్పుడు, మళ్లీ మూత పెట్టిన చప్పుడు. ముత్యాలప్ప నీళ్లు కలుపుకుంటూ పోయాడు, వెనక్కి తిరిగి చూడలేదు. దేవుడున్నాడనుకుంది ఈశ్వరి.

*

గురువారం పురుగులు పండాయి. పండిన పురుగు పసుపు రంగు తిరిగి, మేత మాని, తల పైకెత్తి గాలిలో ఆడిస్తూ దారం వదలడానికి చోటు వెతుక్కుంటుంది. వెంటనే ఏరి చంద్రికల మీద, అంటే గూడు కట్టుకునే వెదురు తడికల మీద వదలాలి. ఆలస్యమైతే ఆ చెత్తలోనే గూడు కట్టేస్తుంది, పట్టు పాడవుతుంది. ఇంటిల్లిపాదీ, పిలిచిన కూలీ ఆడవాళ్లూ వంగిన నడుము ఎత్తకుండా ఏరుతున్న ఆ పొద్దునే కేశవ ఇంకొకతన్ని బండి వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు.

ముత్యాలప్ప చేతులు తుడుచుకుంటూ బయటికి పోయాడు. కేశవ మర్యాదస్తుడు, ఒక మాట పక్కకు రాప్పా అన్నాడు. పక్క అంటే షెడ్డు కిటికీ కింద. కిటికీ లోపల ఈశ్వరి ఉంది, గుమ్మంలో మునియమ్మ ఉంది. మునియమ్మ చెవులు ఆమె ముక్కుకు ఏమీ తీసిపోవు.

"మీ ఇంటామె మా కాడికి వచ్చిండెప్పా. నీ తాగుడు గురించి చెప్పుకోని బాధపడింది. నిన్ను తిట్టేదానికి రాలేదు మేము. నేనూ తాగినోన్నే," అన్నాడు కేశవ.

ఈశ్వరి అరచేతిలో ఒక పురుగుంది. అది ఆమె వేలికి దారం అంటించి అటూ ఇటూ తల తిప్పుతోంది. ఆమె ఆ నవ్వు కోసం చూసింది. నేనా, తాగేదా, అని ఇప్పుడు నవ్వుతాడు.

నవ్వలేదు. ముత్యాలప్ప కిటికీ వైపు చూశాడు. అక్కణ్నుంచి లోపల మూలనున్న బ్లీచింగు డబ్బా వైపు చూశాడు. చాలాసేపు దాన్నే చూశాడు.

"అవునన్నా," అన్నాడు చివరికి. "తాగుతా. ఆదివారం వస్తా."

మునియమ్మ గుమ్మంలోంచి కదలలేదు, అరవలేదు. కేశవ వాళ్లు పోయేదాకా ఆగింది. తర్వాత తడి గోనెపట్టా ముందు అడ్డంగా నిలబడి, కడుపున పుట్టినోనికైనా ఒకటే మాట, ఇంక ఈడ అడుగు పెట్టొద్దు అంది. ముత్యాలప్ప సరేనమ్మా అని నీళ్లతొట్టి గట్టు మీద కూర్చున్నాడు. సంవత్సరంలో ఒళ్లు వంచి పనిచేయాల్సిన రోజది. లోపల చేతులు చాలక పురుగులు నేల మీద పడి చెత్తలోనే దారాలు వదులుతుంటే, బయట కూర్చుని చూశాడు. కూలీ ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. అయితే ఆ ప్యాకెట్లన్నీ ఈయనకేనా, అని నాగమ్మ బుగ్గన వేలేసుకుందట.

దీపాలు పెట్టే వేళకు ఈశ్వరి సంగటి పళ్లెం పట్టుకుని తొట్టి దగ్గరికి పోయింది. పళ్లెం పక్కన పెట్టి నిలబడింది. 

"ఎందుకట్లంటివి?" అంది.

"ఈ ఇంట్లో బ్లీచింగు డబ్బాలో చెయ్యి పెట్టేది నువ్వొక్కదానివేనా?"

ఆమె పక్కనే గట్టు మీద కూర్చుంది. ఎప్పటినుంచి తెలుసని అడిగింది. ఆయన సంగటి ముద్ద తుంచి పట్టుకున్నాడు గానీ నోట పెట్టుకోలేదు.

"ఓబుళప్పను పంపించక ముందే."

"తెలిసీ పంపిస్తివా?"

"నిన్ను పంపించల్లనా మల్ల?"

ఈశ్వరికి అన్ని రోజులుగా ఉన్న భయం వేరు, ఇప్పుడు పట్టుకున్నది వేరు. తన పాపం తన ఒంట్లోనే ఉందనుకుంది ఇన్నాళ్లూ. అది ఈయనలోకి కూడా పాకి, పిల్లాపాపలున్న ఒక మనిషిని వీధిన పడేసింది. ముత్యాలప్ప గొంతు తగ్గించి, తాను ఆలోచించి పెట్టుకున్న ఉపాయం చెప్పాడు. ఆదివారం తాను పోయి మగవాళ్ల గదిలో కూర్చుంటాడు. వాళ్లు ఎట్ల మానాలని చెబుతారో శ్రద్ధగా విని, ఇంటికొచ్చి ఒక్క మాట పోకుండా ఆమెకు చెబుతాడు. ఆమె అట్లే చేస్తే సరి. తాగింది ఎవరో ఎవరికీ చెప్పే పని లేదు. పశువుకు బాగాలేకపోతే డాక్టరు దగ్గరికి మనిషి పోయి మందు తెచ్చినట్టే ఆయనకది. అంత అమాయకంగా చెప్పేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. ఈసారి ఒక మనిషి చూస్తుండగానే ఏడ్చింది.

*

ఆదివారానికి పురుగులు చంద్రికల మీద గూళ్లలో దాక్కున్నాయి. ఆకు కోసే పని లేదు, పరిచే పని లేదు. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. ఇద్దరూ బస్సెక్కారు. ఆ పొద్దున కూడా సగం ప్యాకెట్టు పడింది. ముత్యాలప్ప చూసి, మొహం తిప్పుకుని, చెప్పులు వేసుకున్నాడు.

దారిలో ఆయన పెదాలు కదుపుతూ ఏదో అనుకుంటున్నాడు. చెవి ఒగ్గి వింటే, నా పేరు ముత్యాలప్ప, నేను తాగుబోతును అని వల్లె వేస్తున్నాడు.

కేశవ సంతోషంగా ఎదురొచ్చి ముత్యాలప్ప చెయ్యి పట్టుకుని కుర్చీ చూపించాడు. ఈశ్వరికి మామూలుగానే పక్క గుమ్మం చూపించాడు. ఆ గుమ్మంలో పద్మావతమ్మ జరిగి చోటిస్తూ నవ్వింది, మొగుణ్ని తీసుకొచ్చిన ఆడదాన్ని చూసి మెచ్చుకున్న నవ్వు. ఈశ్వరి రెండు గుమ్మాల మధ్య వసారాలో ఆగిపోయింది. ముత్యాలప్పకు టీ ఇచ్చారు. ఒక్క చేత్తో పట్టుకున్నాడు, చుక్క తొణకలేదు. గది మొత్తంలో అంత నిలకడగా ఉన్న చెయ్యి ఇంకొకటి లేదు. వాళ్లెవరైనా చూస్తే ఇట్టే పట్టేస్తారని ఈశ్వరికి భయమేసింది.

కొత్తాయన మాట్లాడతాడేమో అన్నాడు కేశవ. ముత్యాలప్ప లేచాడు.

"నా పేరు ముత్యాలప్ప," అన్నాడు. "నేను..."

రెండో మాట రాలేదు. బస్సులో అంత వల్లె వేసినా రాలేదు. అందరూ ఓపికగా ఆగారు. వాళ్లకు అలవాటే, కొత్తవాళ్లకు ఆ మాట దగ్గరే గొంతు పట్టుకుంటుంది. ఆయన గుమ్మం వైపు చూశాడు. ఆ చూపులో ఉన్న భయం ఈశ్వరి ఎరుగనిది కాదు. రోజూ పొద్దున అద్దంలో చూసేదే. ఇన్నాళ్లూ అది తనొక్కదానిదే అనుకుంది. ఆయన ఓబుళప్ప పోయిననాటి నుంచీ దాంతోనే తిని, దాంతోనే పడుకుంటున్నాడు.

ఈశ్వరి మగవాళ్ల గదిలోకి నడిచింది.

"ఆయప్ప కాదన్నా," అంది.  "నా పేరు ఈశ్వరి. తాగేది నేను."

కుర్చీలు కిర్రుమన్నాయి. కేశవ చెయ్యి అలవాటుగా పక్క గది వైపు లేచింది. సగంలో ఆగి, మెల్లగా దిగింది.   చివరికి రెండు చేతులతో గ్లాసు పట్టుకునే ఆ మనిషి లేచి, పక్క కుర్చీ మీదున్న తన సంచి తీసి కింద పెట్టాడు. నమస్తే ఈశ్వరమ్మా అన్నాడు. మిగిలినవాళ్లు ఆ తర్వాత అన్నారు.

ఆమె కూర్చుంది. ముత్యాలప్ప గదిలో నిలబడి అటూ ఇటూ చూశాడు. ఆయనకు దారి చూపించడం ఎవరికీ తోచలేదు. టీ గ్లాసు కిందపెట్టి, తలవంచుకుని బయటికి పోయి, తనంతట తానే పక్క గుమ్మంలోకి తిరిగాడు.

చెక్కపలకల అవతల చీరలు సర్దుకున్న చప్పుడైంది. ఇది ఆడోళ్ల గదప్పా, మొగోళ్లది ఆ పక్క, అంటోంది పద్మావతమ్మ. ముత్యాలప్ప గొంతు వినపడింది. ఈసారి తడబడలేదు.

"ఈడికే వచ్చినానమ్మా. మా ఇంట్లో తాగేది నా పెండ్లాము. నేను అది దాచిపెట్టేదానికి ఒక మనిషి కూడు తీసేసినాను. ముందు ఆయప్ప గురించి చెప్తా. ఆయన పేరు ఓబుళప్ప."

ఇవతల ఎవరో ఈశ్వరికి టీ అందించారు. రెండు చేతులతో పట్టుకుంది. అయినా కొంచెం తొణికి మోకాలి మీద పడింది.